గ్రూపులో పెట్టిన అర్జీ

అశోక్‌నగర్‌లో మాకు ఒక అలవాటుంది. క్లాసు నోట్సయినా, పాత ప్రశ్నపత్రమైనా, చేతికి రాగానే ముందు గ్రూపులో పెట్టేస్తాం. తర్వాత చదువుతాం. చాలాసార్లు చదవం కూడా. నాలుగేళ్లుగా సర్కారు కొలువు కోసం ఇక్కడి హాస్టల్లో పడి ఉన్న నేను, ఆ అలవాటుతోనే ఒక మనిషి కొంప ముంచాను.

మా ఊరివాళ్లు గల్ఫ్‌లో చాలామంది ఉన్నారు. వాళ్లనూ ఊరినీ కలిపి వాట్సాప్ గ్రూపు మొదలుపెట్టింది నేనే. ఇంగ్లిషులో ఏది రాయాలన్నా నేనే. ఆ పెద్దరికం బాగానే ఉండేది, అబద్ధమెందుకు. అక్కడి కంపెనీ తన పాస్‌పోర్టు లాక్కుందని, ఇంటికి పంపడం లేదని మా పక్కింటి అన్న చెబితే, ఎంబసీకి అర్జీ రాసిచ్చాను. బాగా కుదిరింది. ఇంకెవరికైనా పనికొస్తుందని అతని పేరు, అతనుండే లేబర్ క్యాంపు వివరాలతో సహా గ్రూపులో పెట్టాను. అది చేతులు మారి ఆ క్యాంపు సూపర్‌వైజర్ ఫోన్‌కే చేరింది. ఆ సంగతి గ్రూపులోనే ఎవరో చెబితే తీసేశాను గానీ, చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

మర్నాడు అన్న ఎవరి ఫోన్ నుంచో చేశాడు.

"నా ఫోన్ గుంజుకున్నరు చెల్లె. అర్జీ సంగతి ఆళ్లకెట్ల తెల్సిందో ఏమో. మీ వదినెది కొత్త నంబర్, యాదికి లేదు. నీదొక్కటే యాదికున్నది. మల్ల చేస్త, జర ఎత్తు."

నా వల్లేనని చెప్పలేకపోయాను. వదినె నంబరైనా చెప్పేలోపే కాల్ కట్టయింది. ఆ రోజు నుంచి స్నానానికి వెళ్లినా ఫోన్ నాతోనే. చిక్కడపల్లి లైబ్రరీలో సైలెంట్‌లో పెట్టమంటారని అక్కడికి పోవడం మానేశాను. రోజూ పొద్దున్నే వదినె ఫోన్ చేసి, "అన్న చేసిండా చెల్లె?" అని అడిగేది. లేదనేదాన్ని. నా మీద నాకే అసహ్యం వేసేది.

ఇంతలో పరీక్ష వచ్చింది. సెంటర్ నారాయణగూడలో. లోపలికి ఫోన్ తేనివ్వరు. హాస్టల్లో అందరికీ అదే పరీక్ష, ఎవరి చేతికీ ఇచ్చి పోయే వీల్లేదు. గేటు మూసేదాకా బయటే తచ్చాడి, చివరికి ఫోన్ ఆపి, బ్యాగులో పడేసి, ఆ బ్యాగు గేటు దగ్గరే వదిలి లోపలికి వెళ్లాను.

బయటికొచ్చి ఫోన్ ఆన్ చేస్తే, గల్ఫ్ నంబరు నుంచి మూడుసార్లు కాల్ వచ్చినట్టు మెసేజ్. తిరిగి చేస్తే ఎవరో ఎత్తి, నాకు రాని భాషలో కసిరి పెట్టేశారు. మళ్లీ చేస్తే స్విచ్ఛాఫ్. హిమాయత్‌నగర్ పోయే రోడ్డు మీద, అందరూ చూస్తుండగా ఏడ్చేశాను.

అప్పుడే వదినె ఫోన్.

"నీ పరీక్ష ఉన్నదని పొద్దుగాల చెయ్యలే చెల్లె. మంచిగ రాసినవా?"

"మంచిగనే రాసిన వదినె," అన్నాను. ఆ మూడు కాల్స్ సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

"ఇంకేంది మరి," అంది వదినె సంబరంగా. "నువ్వు ఆఫీసరైతె, అన్నను నువ్వే తోల్కొస్తవ్."