ఒకటి పొడుగు, రెండు పొట్టి

దయ్యాలను నమ్మనని చెప్పి ఊరుకునే రకం కాదు నేను. దయ్యం పట్టిందన్న ఇళ్ళకు పిలవకుండానే వెళ్ళి వాదించినవాణ్ణి. నిమ్మాడ దగ్గర ఒక ఊళ్ళో భూతవైద్యుడు నిమ్మకాయ కోసి రక్తం కారుస్తుంటే, అందరి ముందే పసుపునీళ్ళలో సున్నం కలిపి గ్లాసెడు రక్తం చేసి చూపించాను. ఆధారం లేని మాట ఎవరు చెప్పినా నమ్మవద్దు, నేను చెప్పినా సరే అని సభల్లో అనేవాణ్ణి. ఆ చివరి ముక్క నాకే తగులుతుందని అనుకోలేదు.

పలాసలో నాకు కంప్యూటర్లు బాగుచేసే కొట్టుంది. ఒకప్పుడు నా దగ్గర కోర్సు నేర్చుకున్న కుమారి డొంకూరు నుంచి ఫోన్ చేసింది. ఇంట్లో డెస్క్‌టాప్ పెట్టుకుని ఊరివాళ్ళకు దరఖాస్తులు నింపుతుంది, పెళ్ళి వీడియోలు కూర్చుతుంది. అది ఆన్ కావడం లేదట. అయితే ఆమె భయం కంప్యూటర్ గురించి కాదు, తల్లి గురించి.

కుమారి తండ్రి దానయ్య వానాకాలంలో సముద్రం మీద చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. శవం దొరకలేదు. బతికున్నప్పుడు ఆయనకో అలవాటు. పడవ ఒడ్డుకు వస్తుంటే నోట్లో వేళ్ళు పెట్టి ఈల వేసేవాడు. ఒకటి పొడుగు, రెండు పొట్టి. గంప పట్టుకు రమ్మని భార్య పోలమ్మకు అది కబురు.

ఇప్పుడు స్విచ్ నొక్కితే కంప్యూటర్ అలాగే కూస్తోంది. అది విన్నప్పుడల్లా పోలమ్మ గంప తీసుకుని సముద్రానికి పరుగెత్తుతోంది. రెండుసార్లు నడుము లోతు నీళ్ళలోంచి లాక్కొచ్చారు. కుమారి కంప్యూటర్ ముట్టడం మానేస్తే, తల్లే వచ్చి స్విచ్ నొక్కడం మొదలుపెట్టింది. అన్నం కూడా మానేసింది.

"నా మాట ఇనదు మేస్టారూ. మీరొచ్చి సెప్పండి, అది మిసనని."

మర్నాడు మధ్యాహ్నానికి వెళ్ళాను. పోలమ్మ గోడకు చేరగిలబడి కూర్చుంది. గంప చేతికి అందేంత దూరంలో ఉంది. నేను స్విచ్ నొక్కాను. లోపల ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగానే ఉంది. ఒక క్షణం ఆగి కూత వినిపించింది. ఒకటి పొడుగు, రెండు పొట్టి. ఆపి మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే. ముగ్గురం విన్నాం.

పోలమ్మ గంప అందుకుంది. "మీ అయ్య ఈలేత్తన్నాడే. ఎల్తాను."

కుమారి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నేను చేతులు జోడించి, ఒక్క పది నిమిషాలు కూర్చోమన్నాను. అది ఈల కాదనీ, తెరకు బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డు అందకపోతే యంత్రం అలా కూస్తుందనీ, ఇలాంటి కంప్యూటర్లు చాలావాటికి అదే గుర్తనీ చెప్పాను. కార్డు సరిచేస్తే కూత ఆగిపోతుంది, మీరే చూడండి అన్నాను. సభలో మాట్లాడినట్టే మాట్లాడాను.

పెట్టె తెరిచి కార్డు ఊడదీశాను. సముద్రపు గాలికి దాని పళ్ళు చిలుము పట్టి ఉన్నాయి. పెన్సిల్ రబ్బరుతో రుద్ది, టక్కుమనేదాకా నొక్కి పెట్టి ఆన్ చేశాను. తెర వెలిగింది. కూత లేదు.

పోలమ్మ తెర వంక చూసింది. "అయితే ఆడు కాదేటి?"

"కాదమ్మా."

"సదూకున్నోరు. మీరు సెప్తే నిజమే." గంప బోర్లించి వంటింట్లోకి వెళ్ళింది. కంచం చప్పుడు వినబడింది. కుమారి కళ్ళు తుడుచుకుంది.

నేను మూత బిగించబోయాను. అప్పుడు బోర్డు మూలన చూశాను. స్పీకరు తగిలించే నాలుగు పిన్నులు ఖాళీగా ఉన్నాయి.

ఈ పెట్టెల్లో కూత పెట్టేది వేలి చివరంత చిన్న స్పీకరు. బిగించేవాళ్ళు చాలాసార్లు దాన్ని వదిలేస్తారు. కొన్ని బోర్డులకు అతికించే వస్తుంది కనుక టార్చి వేసి అంగుళం అంగుళం వెతికాను. లేదు. మానిటర్‌కు స్పీకర్లు లేవు, విడిగా తగిలించినవీ లేవు. కరెంటు పోతే కూసే యూపీఎస్ కూడా చెడిపోయి ఎప్పటి నుంచో అటక మీద ఉంది.

కార్డును సగం పైకి లాగి స్విచ్ నొక్కాను. ఫ్యాన్లు తిరిగాయి. తెర నలుపు. నిశ్శబ్దం. మూడుసార్లు నొక్కాను. మూడుసార్లూ నిశ్శబ్దమే. బయట ఎవరో ఈల వేశారనుకుందామా? సరిగ్గా నేను నొక్కిన రెండుసార్లూనా? పైగా ఆ కూత చెప్పిన జబ్బే నిజంగా కార్డుకు ఉంది.

కుమారికి కంప్యూటర్ తెలుసు. నా చూపు ఎక్కడుందో చూసింది, ఖాళీ పిన్నులు చూసింది. గొంతు తగ్గించి అంది:

"సెప్పకండి మేస్టారూ. అమ్మ బువ్వ తింతన్నాది."

చెప్పలేదు. కార్డు నొక్కి, మూత బిగించి వచ్చేశాను. నిజం దాచి ఒక ఇంటి నుంచి బయటికి రావడం నాకు అదే మొదలు.

వారం రోజులు నిద్ర పట్టలేదు. చివరికి కొట్టులోంచి ఒక స్పీకరు తీసుకుని మళ్ళీ వెళ్ళాను. కనీసం నా అబద్ధమైనా నిజం కావాలి కదా. దాన్ని ఆ నాలుగు పిన్నులకు తగిలించి, కార్డు వదులు చేసి, నొక్కాను. కూసింది. ఒకటి పొడుగు, రెండు పొట్టి. వరస అదే. గొంతు అది కాదు. ఇది సన్నగా, రేకు గీసినట్టుంది.

నేను ఉలిక్కిపడి వంటింటి వైపు చూశాను. పోలమ్మ చేపలు తోముతూ తలైనా ఎత్తలేదు.

"అది మిసనేలేయే," అంది కూతురితో. "మీ అయ్య ఈల అలాగుండదు."

కుమారి నా వంక చూడలేదు. నేనూ చూడలేదు. పోలమ్మ ఇప్పుడు సముద్రానికి వెళ్ళడం లేదు. అన్నం తింటోంది. అంతవరకు నాకు తెలుసు. మొదటి రోజు మేం ముగ్గురం విన్నది ఏమిటో మాత్రం తెలియదు. దాన్ని దానయ్య ఈలతో పోల్చి చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషిని, అది ఆయన కాదని నమ్మించి వచ్చినవాణ్ణి నేనే.