రోశమ్మ కాపలా కాసిన తలుపు

నల్లమల కొండల్ని దేవుడు చేసింది మా అవ్వ ఎలీషబాకు కలే పండ్లు కాయించడానికే. పులులు, టేకు చెట్లు, సెలయేళ్లు ఆ తర్వాత జాగా మిగిలిపోతే పెట్టినవి. నమ్మనివాళ్లు కొమరోలులో బస్సు దిగి, మా పల్లెకు వచ్చి, అవ్వ చేసిన దొరసాని రొట్టె ఒక ముక్క తిని, అప్పుడు నాతో వాదానికి దిగండి. నేను తినగా ముక్క మిగిలి ఉంటే.

రొట్టె అంటే జొన్నరొట్టె కాదు. అడుగున ముళ్ల పొదల్లో కాసే నల్లటి కలే పండ్లు, పైన మెత్తగా పొంగిన మైదా పిండి. గరిటెతో తవ్వితే ఊదారంగు రసం బుడబుడమంటూ పైకి వస్తుంది. పెళ్లి కాకముందు అవ్వ ఆసుపత్రి నర్సు దొరసాని ఇంట్లో అంట్లు తోమేది. తన దేశపు పండ్లు ఇక్కడ దొరక్క ఆ దొరసాని కలే పండ్లతో సరిపెట్టుకుంటుంటే, అవ్వ తోముతూ తోముతూ చూసి నేర్చుకుంది. గిన్నెలు ఎంత శుభ్రంగా తోమిందో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

ఏటా తొలకరి పడి కలే పండ్లు నల్లబడే రోజుల్లో మా చర్చి స్త్రీల సమాజానికి పండగ వస్తుంది. ముప్పై ఏళ్లు ఆ పండగకు రొట్టె అవ్వదే. ఆ రోజు ఆమె కూలికి పోయేది కాదు. తలకు పోసుకుని, పండ్లూ పిండీ వెన్నా తీసుకుని వెనక కొట్టంలోకి పోయి లోపల గడియ పెట్టుకునేది. బయట ఆమె నేస్తం రోశమ్మ పీట వేసుకుని తలుపుకు ఆనుకుని కూర్చునేది.

"ఎవురూ పలకరించొద్దు. వదిన మోకాళ్ల మీద ఉండాది. పిండి ఒకే పక్కకు మూడు వందల సార్లు తిప్పాల. నడుమ మాట్లాడితే పొంగదు" అని వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పేది.

"ఇప్పుడు ఎన్ని అయినాయి అవ్వా?" అని పిల్లలం అడిగితే చెవి తలుపుకు ఆనించి, "నూటా ఎనభై" అనేది. ఆ తర్వాత గొంతెత్తి ఆరాధన పాటలు అందుకునేది. ఆమె గొంతు వింటే గేదెలు కూడా కట్టు తెంపుకునేవి.

మూడు గంటల తర్వాత తలుపు తెరుచుకునేది. నుదుటి మీద చెమటతో అవ్వ రొట్టె గిన్నె మోసుకుని బయటికి వచ్చేది. సాయంత్రం పండగలో పాస్టరమ్మ రూబీ గారు తన పక్కన కుర్చీ వేయించి, "ఎలీషబమ్మా, నీ ప్రయాస దేవుడు చూసినాడు" అనేవారు. మిగతా ఏడాదంతా అవ్వకు పత్తిచేలో కలుపు, కందిచేలో కోత, చర్చిలో వెనక చాప. ఆ ఒక్క సాయంత్రం కుర్చీ. ఎవరైనా ఆమె ముందు నుంచి పోవాలంటే కాస్త వంగి పోయేవాళ్లు.

పోయిన ఏడాది వేసవిలో రోశమ్మకు కడుపులో గడ్డ లేచింది. ఒంగోలు తీసుకుపోయి ఆపరేషన్ చేయించారు. ఇంటికి తెచ్చాక నెల రోజులు అవ్వే ఆమెకు జావ కాచి పోసింది, తల దువ్వింది, తిట్టి మరీ మాత్రలు మింగించింది. పండగ ఇంకా రెండు వారాలు ఉందనగా, శుక్రవారం ఉపవాస ప్రార్థనకు మోచెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది కూడా అవ్వే. మా చర్చిలో శుక్రవారం సాక్ష్యాలు చెబుతారు. దేవుడు చేసిన మేలు చెప్పాలి, తన తప్పు ఏదైనా ఉంటే అందరి ముందూ ఒప్పుకోవాలి.

"లెయ్ వదినా, ఆపరేషన్ సంగతి చెప్పు" అని అవ్వే ఆమెను లేపింది.

రోశమ్మ లేచింది. అవ్వ మోచెయ్యి వదల్లేదు, పడిపోతుందేమోనని.

"దేవునికి స్తోత్రం. మత్తు సూది ఏసేటప్పుడు ఒక మాట అనుకుంటి. బతికి బయటపడితే కడుపులో ఒక్క అబద్ధం గూడా ఉంచుకోను అని. ఈ నోటితో ముప్పై ఏండ్లు అబద్ధం చెప్పినా. ఎలీషబా వదిన ఆ తలుపు ఎనకాల మోకాళ్ల మీద ఉండ్లేదు. మూడు వందలూ తిప్పలేదు. పండ్లు గిన్నెలో పోసి చక్కెర చల్లుతాది. మైదాలో పాలు, వెన్న, వంటసోడా ఏసి పైన కుమ్మరిస్తాది. పండ్లల్లో కలపను గూడా కలపదు. ఇసక పోసిన పెద్ద గిన్నెలో పెట్టి, మూత మీద నిప్పులేసి, చాప పరుచుకొని పండుకుంటాది. గురక బయటికి ఇనపడకుండా నేను పాటలు పాడతా ఉంటి. లేసినాక మొగాన నీళ్లు చల్లుకొని చెమట అంటాది."

ముందు ఎవరికీ నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంగన్‌వాడీ టీచరు అరుణకుమారి మొదలుపెట్టింది.

"పావుగంట పనా అక్కా ఇది? మేం ఇన్నేండ్లు పెద్ద తపస్సు అనుకుంటిమే!"

చర్చి అంతా గొల్లుమంది. నవ్వు తగ్గాక అరుణకుమారే, "మరి వంటసోడా ఎంత ఏస్తాది?" అని అడిగింది.

"అర చెంచా" అంది రోశమ్మ.

పాస్టరమ్మ లేచి, ఒప్పుకోవడానికి ధైర్యం కావాలమ్మా అని చెప్పి రోశమ్మకు చప్పట్లు కొట్టించారు. అవ్వ తన చేతి వైపు చూసుకుంది. అది ఇంకా రోశమ్మ మోచెయ్యి పట్టుకునే ఉంది. మెల్లగా తీసేసుకుంది.

ఆ మూడు వందల లెక్క ఎక్కడ పుట్టిందో ఆ చర్చిలో ఇద్దరికే తెలుసు. మొదటి ఏడాది అవ్వ వారమంతా జ్వరంతో కలుపు తీసి వచ్చింది. రొట్టె నిప్పుల మీద పెట్టి అలాగే ఒరిగిపోయింది. ఆడవాళ్లు వచ్చి తలుపు కొడితే, నేస్తాన్ని లేపడం ఇష్టం లేక రోశమ్మ అప్పటికప్పుడు ఆ కథ అల్లింది. మర్నాడు ఇద్దరూ పడి పడి నవ్వుకున్నారు. అప్పటి నుంచి ఏడాదికి ఆ మూడు గంటలే అవ్వకు పగటి నిద్ర. "నువ్వు పండుకో, నేనుండా గదా" అని రోశమ్మ అంటేనే ఆమెకు కళ్లు మూతపడేవి.

ఇంటికి వచ్చే దారిలో రోశమ్మ ఆయాసపడుతూ వెనకే వచ్చింది. అవ్వ ఆగింది.

"నీ పాపం నువ్వు ఒప్పుకో వదినా. నా నిద్ర ఎందుకు ఒప్పుకుంటివి?"

"నా పాపంలో నువ్వుంటివే! నిన్ను తీసేసి ఎట్ల చెప్పేది?"

"మూడు వందలు అని మొదట అన్నదెవురు?"

రోశమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "నేనే."

"అది చెప్పితివా?"

"లేసి నిలబడినాక, ఆ సంగతి మర్చిపోయినా వదినా."

"మర్చిపోతివి. అర చెంచా మాత్రం గుర్తుండె."

అంతే. అవ్వ నడిచి వచ్చేసింది. వెనక నుంచి రోశమ్మ రెండుసార్లు పిలిచింది. మామూలుగా ఊరి చివర ఎవరైనా దగ్గినా అది ఫలానావాళ్లని చెప్పే అవ్వకు ఆ పూట చెవులు వినపడలేదు.

పండగ రోజు అవ్వ వెనక కొట్టం తలుపు వేసుకోలేదు. పొద్దున్నే కలుపు తీసే దోకుడుపార తీసుకుని పత్తిచేలోకి పోయింది. సాయంత్రం వచ్చి, కాళ్లు కడుక్కుని, చర్చిలో వెనక చాప మీద కూర్చుంది. ముందు బల్ల మీద ఏడు ఇళ్ల నుంచి ఏడు గిన్నెల రొట్టె. అరుణకుమారి తనది గిద్దలూరులో బేకరీ పొయ్యిలో కాల్పించుకుని మరీ తెచ్చింది. పాస్టరమ్మ పక్కన కుర్చీ వేయలేదు. ఎవరూ కావాలని మానలేదు. ఏడుగురిలో ఎవరికని వేస్తారు?

రోశమ్మ ఒక ప్లేటు తెచ్చి అవ్వ పక్కన చతికిలబడింది.

"తిను వదినా. నీదాని మాదిరి లేదులే."

అవ్వ ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నిదానంగా నమిలింది. అచ్చం తన రొట్టే. ఆ పులుపు, ఆ తీపి, ఆ మెత్తదనం, ఏదీ తేడా లేదు. పండు గింజ ఉమ్మేసి, ప్లేటు రోశమ్మ వైపు జరిపి, కొంగు దులుపుకుని లేచి వెళ్లిపోయింది.

ఏడాది తిరిగింది. మళ్లీ కలే పండ్లు వచ్చాయి. రోశమ్మ రోజూ పొద్దున మా వాకిట్లోకి వచ్చి, మా మేకను పలకరించి, దాని ఆరోగ్యం కనుక్కుని పోతుంది. అవ్వ లోపలి నుంచి వింటుంది, రాదు. నేను ఇదంతా రాసి ఆమెకు చదివి వినిపించాను. నల్లమల సంగతి దగ్గర "ఊ" అంది. గురక దగ్గర నన్ను చీపురుతో ఒకటి వేసింది.

"అవ్వా, చివర ఏమని రాయాల? రోశమ్మవ్వను క్షమించినావా, లేదా?" అని అడిగాను.

"క్షమించినా అని రాయి. మాట్లాడను అని గూడా రాయి."