డ్రైవర్ రాక ఆగిపోయిన సైకిల్ సాధన

మా కార్వాన్ గల్లీలో ఉండే సత్తయ్య ఆదివారం సైకిల్ మీద కన్యాకుమారికి బయలుదేరుతున్నాడు. శాలువా కప్పించుకోవడం, గల్లీ మొదట్లో ఫ్లెక్సీ కట్టించుకోవడం అప్పుడే అయిపోయాయి. నేను చదివిన యాత్రా గ్రంథాల్లో సన్మానం తిరిగొచ్చాక జరిగేది. ఒకప్పుడు నేను ఆఫీసుకు సైకిల్ మీద వెళితే, "గిట్ల పోతే నలుగురు ఏమనుకుంటరన్నా?" అని అందరి ముందు నవ్విన మనిషి ఇతనే.

ఈ రోజు పొద్దున సాధనకు వెళ్లాల్సిన వేళ, హెల్మెట్ పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఏమైందని అడిగాను.

"డ్రైవర్ రాలేదన్నా."

"సైకిల్‌కు డ్రైవరేంది?"

"రోజు నా ఎనక మా అల్లుని కారొస్తది గద. నీళ్లు, ఇడ్లీలు, బ్యాగులు అన్నీ అండ్లనే. అలిసిపోతే నేను గూడ అండ్లనే."

"కన్యాకుమారి దాక వస్తదా?"

"అల్లుడు ఇయ్యనంటుండు. ఒక్కణ్ణే పోవాలె. అదే ఫికరైతుంది."

నాకు జాలి అరుదు. అయినా అన్నాను. "ఇయ్యాల కారు లేకుండ పోయి చూడు. నీ బ్యాగులు నా సైకిల్‌కు కట్టు. బహదూర్‌పురా దాక నీ ఎనక నేనొస్త."

తుప్పు పట్టిన నా సైకిల్‌ను ఒకసారి, తన ఫ్లెక్సీని ఒకసారి చూశాడు.

"నలుగురు చూస్తే ఏమనుకుంటరన్నా?"

ఇన్నేళ్లుగా ఇతన్ని భయపెడుతున్న ఆ నలుగురు ఎవరో మీకు తెలిస్తే చెప్పండి. ఆదివారం అతని వెనక, అల్లుడివ్వని కారుకు బదులు తమ కారేసుకుని వెళ్లడానికి వాళ్లనే పంపుదాం.