హద్దురాళ్లు కనపడని బ్రోకరు

రెండువేల సంవత్సరం దాటాక గౌడవెల్లిలో మా చెలకను ప్లాట్లు చేసి అమ్మాను. తర్వాత ఇతరుల భూములకు బ్రోకరుగా తిరిగాను. ఆ రోజుల్లోనే నా చేతులు, పాదాలు పెరగసాగాయి. దవడ ముందుకొచ్చింది. మేడ్చల్‌లో కొన్న చెప్పులు ఏడాది తిరక్కుండా బిగుతయ్యేవి.

"మొకంల దొరతనమొచ్చింది," అన్నారు ఊళ్లో. నమ్మాను. భూమి ధర పెరుగుతుంటే బ్రోకరు పెరగడంలో వింతేముంది? సర్పంచిగా నిలబడాలని కూడా అనుకున్నాను.

తర్వాత ఇరుపక్కలా ఉన్నవి కనపడటం మానేశాయి. మచ్చ బొల్లారం నుంచి ప్లాటు చూడటానికి వచ్చిన ఉద్యోగి ఒకాయన హద్దురాయి ఏదండీ అని అడిగాడు. "ఎవరో పీకేసిన్రు సార్," అని చెప్పి పక్కకు జరిగి, దానిమీదే పడ్డాను.

కంటి డాక్టరు స్కానింగు తీయించి నగరంలో పెద్ద డాక్టరు జానకీదేవి దగ్గరికి పంపాడు.

"మెదడు కింద పిట్యూటరీ అనే చిన్న గ్రంథి. దాని మీద గడ్డ. క్యాన్సర్ కాదు. చేతులూ కాళ్లూ పెంచింది అదే. ఇప్పుడు చూపు నరాన్ని నొక్కుతోంది," అన్నారామె.

అలవాటు కొద్దీ బేరం మొదలుపెట్టాను. "గోలీలతోని కరగదా మేడమ్?"

"కొన్ని రకాలు కరుగుతాయి. మీది ఆ రకం కాదు."

"సూది?"

"ఉంది, నెలనెలా. అది పనిచేసేదాకా మీ చూపు ఆగదు."

"కరెంటు పెడితె?"

"రేడియేషన్ ఇంకా నెమ్మది. ఏమైనా మిగిలితే అప్పుడు చూద్దాం. ముందు ముక్కులోంచి వెళ్లి గడ్డ తీయాలి."

"ముక్కులకెల్లి?"

నా భార్య సత్తమ్మ అందుకుంది. "గంత ముక్కు ఊకెనే పెరిగిందా? తొవ్వ మస్తు పెద్దగుంది, తియ్యుండ్రి మేడమ్."

"చూపు మొత్తం వస్తదా?" అనడిగాను నేను.

"చెప్పలేను. ఆలస్యం చేస్తే రాదని మాత్రం చెప్పగలను."

ఆలస్యం చేస్తే దొరకదని చెప్పే కదా నేను ప్లాట్లు అమ్మింది. ఈసారి ఆ మాట నిజమనిపించింది. ఒప్పుకున్నాను.

ఆపరేషనయ్యాక ముక్కు చీదొద్దన్నారు. తుమ్మొస్తే నోరు తెరవమన్నారు. ముక్కులో దూది తీసిన రోజు డాక్టరు ఎదురుగా కూర్చుని, తననే చూడమన్నారు. చూస్తూ, ఆపరేషన్‌కు నేనెంత ధైర్యంగా పోయానో చెప్పసాగాను.

చూపుకు ఎడమ అంచున ఏదో కదిలింది. సత్తమ్మ. చేతులూపుతూ, నాలాగే పెదాలాడిస్తోంది, చప్పుడు లేకుండా. కుడి అంచున బామ్మర్ది మల్లేశం నవ్వాపుకోలేక వణుకుతున్నాడు.

"ఎప్పటిసంది నడుస్తాంది గీ నాటకం?" అన్నాను తల తిప్పకుండా.

సత్తమ్మ చేయి గాల్లో ఆగింది. "కనవడుతున్ననా?"

"కనవడుతున్నవ్."

కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"ఇగ మన ఆట బందే అక్కా," అన్నాడు మల్లేశం.

"ఇంకోసారి చేయండమ్మా," అన్నారు డాక్టరు. "ఎంతవరకు కనపడుతోందో చూద్దాం."

సత్తమ్మ కళ్లు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టింది.