అక్కని నీళ్ళలో పడేసిన అమ్మాయిలు

ఈ ఉదయం మేముండే ఊరు ప్లెయిన్స్‌బరో నుంచి ఆఫీసుకి వెళ్తుంటే, వంతెన కింద సరస్సులో పొడవాటి పందెం పడవ ఒకటి కనిపించింది. చిన్ననాటి అసూయ ఒకటి మళ్ళీ గుర్తొచ్చింది.

అక్క హైస్కూల్లో రోయింగ్ టీములో చేరింది. పడవ చివర కూర్చుని, తెడ్లు వేసే ఎనిమిది మంది అమ్మాయిలకి దారీ వేగమూ చెబుతూ అరవడం తన పని. అప్పటిదాకా నాకు జడ వేసిన అక్క, పందేల రోజు పొద్దున వాళ్ళకి వేసేది. వాళ్ళని "మై గర్ల్స్" అంటుంటే నాకు ఒళ్ళు మండేది.

ఆ వేసవిలో అంతర్రాష్ట్ర పోటీలకి వెళ్ళాం. అబ్బాయిల పందెం అయ్యాక అమ్మాయిలది. అక్క పడవే ముందొచ్చింది. ఒడ్డు చేరగానే ఆ ఎనిమిది మందీ అక్కని కాళ్ళూ చేతులూ పట్టుకుని ఊపి, నీళ్ళలోకి విసిరేశారు. చంపేస్తున్నారనుకున్నాను. పరిగెత్తుకెళ్ళి అందరికన్నా పొడుగమ్మాయిని పిడికిళ్ళతో గుద్దాను.

"స్టాప్! షి ఈజ్ మై అక్క!"

అక్క నవ్వుతూ పైకొచ్చింది. "పిచ్చీ, గెలిస్తే ఇలాగే త్రో చేస్తారు! ఇట్స్ ఫన్!"

తడి చేతులతో నన్ను దగ్గరికి తీసుకుంది. కానీ చూపు మాత్రం నా తల మీదుగా వాళ్ళ మీదే ఉంది. తనకంటూ ఒక లోకం దొరికిన సంతోషం అదని ఇప్పుడు తెలుస్తోంది. ఆ రోజు మాత్రం, అక్క కౌగిట్లో ఉండి కూడా, ఆ ఎనిమిది మందిలో ఒకదాన్ని కానందుకు వెక్కి వెక్కి ఏడ్చాను.