మతదానానికి మామ్మ కాపలా

నా చిన్నప్పుడు మైకు కట్టిన రిక్షా మా వీధిలోకి వచ్చిందంటే, కంచంలో అన్నం కంచంలోనే వదిలేసి పరిగెత్తేవాళ్లం. జంషెడ్‌పూర్ బిర్సానగర్‌లో మా వీధి నిండా తెలుగువాళ్లే. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కంపెనీ పనులకు వచ్చి పాతుకుపోయినవాళ్లు. ఇంట్లో తెలుగు, గడప దాటితే హిందీ. పెద్దవాళ్లు తెలుగులో తిడితే మేం హిందీలో జవాబు చెప్పేవాళ్లం, దానికి ఇంకో రెండు తగిలేవి.

ఓటు వయసు ఇరవై ఒకటి నుంచి పద్దెనిమిదికి తగ్గించిన ఏడాది సంగతి ఇది. ఆ మాట వినగానే మా వీధిలో ఎగిరి గంతేసింది పక్కింటి అక్క ఒక్కతే. అప్పటికామె కాలేజీలో చదువుతోంది. పంతొమ్మిదేళ్లు నిండినా పొట్టిగా, సన్నగా, రెండు జడలతో హైస్కూలు పిల్లలా ఉండేది. ఆమె ఈడు కుర్రాళ్లకు మాత్రం ఓటు గొడవ చీమ కుట్టినట్టయినా లేదు. బడి గోడ మీద హిందీలో 'అప్నా మత్ దో' అని రాసి ఉండేది. మీ ఓటు ఇవ్వండి అని దానర్థం. కానీ హిందీలో మత్ అంటే ఓటూ అవుతుంది, వద్దు అని కూడా అవుతుంది. క్యారమ్ బోర్డు చుట్టూ చేరిన మా వీరులు, "చూశారా, ఇవ్వొద్దని సర్కారే రాసింది" అని పడీపడీ నవ్వేవాళ్లు.

అక్క వాళ్ల నాన్నదీ అదే వరస. మనం బతకడానికొచ్చిన వాళ్లం, ఈ ఊళ్లో ఎవరు గెలిస్తే మనకేంటి అనేవాడు. ఆ మాట వింటే అక్కకు ఒళ్లు మండేది. నేను పుట్టిందిక్కడ, పెరిగిందిక్కడ, మీకు వేరే ఊరుందేమో గానీ నాకు ఇదొక్కటే ఊరు అనేది. ఆ ఓటు వేస్తేనే తాను ఈ ఊరి మనిషైనట్టు అని ఆమె పట్టుదల.

ఆ పట్టుదలకు అడ్డుపడింది మామ్మ. అక్కకు సొంత నాయనమ్మ, వీధికంతటికీ మామ్మే. ఆవిడ మాట కాదనే మగాడు మా వీధిలో లేడు. ఒకరోజు ఆవిడ వాకిట్లో చేట పెట్టుకుని బియ్యం ఏరుతుంటే రిక్షా మైకు 'మతదాన్ అవశ్య్ కరే' అని అరుచుకుంటూ పోయింది. తప్పకుండా ఓటు వెయ్యండి అని వాడి గోల. మామ్మ దాన్ని తెలుగు చెవితో వింది. చేట కింద పెట్టి లేచింది.

"ఓలమ్మో! మతం దానం చెయ్యమంతన్నాడేటే ఆడు!"

ఇంక చూసుకోండి నా సామిరంగా. ధాన్యం దానం చేత్తారు, గుడ్డలు దానం చేత్తారు, మతాన్ని దానం చేసీసి మనకేటి మిగుల్తాది అని వీధి వీధంతా ఏకం చేసింది. అంతటితో ఆగిందా! ఎదురింటి టీచరమ్మ గారిది కాకినాడ వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. పాపం వాళ్ల మతం కూడా పోతుందేమోనని పరుగున వెళ్లి, మీ ఏసుబాబుని కూడా అడుగుతారు, ఇయ్యకండి అని హెచ్చరించి వచ్చింది. టీచరమ్మ నవ్వాపుకుంటూ, మతదాన్ అంటే ఓటే మామ్మా అని చెప్తే, అమాయకురాలు, ఆళ్ల మాటలు నమ్మీసింది అని ఆవిడ మీదే జాలిపడింది.

ఓటైతే ఓటనే అందురు కదా, ఈ దొంగపేరెందుకు? ఇదీ మామ్మ వాదం. మా వంశంలో దేవుణ్ణి దానమిచ్చిన మనిషి లేదు, నువ్వు గాని ఆ ఓట్ల గది గుమ్మమెక్కితే ఈ ఇంటి గుమ్మం తొక్కొద్దు అని అక్కకు తేల్చి చెప్పింది. అక్క కూడా తక్కువదేం కాదు. హిందీలో మాటల అర్థాలు వేరే మామ్మా, హిందీవాళ్లు చదువును శిక్ష అంటారు, మరి నన్ను ఇన్నాళ్లూ శిక్ష పడటానికే బడికి పంపావా అని అడిగింది. దెబ్బకు మామ్మ నోరు మూతపడుతుందనుకున్నాం.

"శిక్ష కాదేటి మరి? సదూకుని నాకే ఎదురు తిరుగుతన్నావు. శిక్ష నాకు పడిందే, గుంటా!" అంది. అక్క కూడా నవ్వేసింది. కానీ నవ్వినంత మాత్రాన గుమ్మం తెరుచుకోలేదు.

పోలింగు రోజు పొద్దున్నే అక్క తలంటుకుని, మంచి వోణీ వేసుకుని అరుగు మీద కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నాకు జాలేసి, మామ్మ స్నానానికి వెళ్లినప్పుడు వెనక దారిన జారుకో అక్కా, నేను చెప్పనులే అని ఉపాయం చెప్పాను. అక్క తల అడ్డంగా ఊపింది. నాది నేను వేసుకోవడానికి దొంగలా వెళ్లాలా అంది. లేచి తిన్నగా మామ్మ దగ్గరికే వెళ్లింది.

"మామ్మా, నువ్వే కాపలా రా. ఆళ్లు మతం అడిగితే నా చెయ్యట్టుకుని ఎనక్కి లాక్కొచ్చీ. ఓటడిగితే ఇద్దరం ఏసొద్దాం. నీ పేరూ ఉందక్కడ."

మామ్మ మనవరాలి మొహంలోకి చూసింది. తర్వాత ఉతికిన చీర కట్టుకుని, కొంగు బొడ్లో దోపి, పద అంది. మా క్యారమ్ వీరుల ముందు నుంచి వెళ్తూ ఆగి, ముసిల్దాన్ని నాను నడుత్తన్నాను, మీకేటొచ్చిందర్రా, కాళ్లు పడిపోనాయా అని ఒక్కటంటించింది. నేను ఆ వెనకాలే.

బడిలో ఆడవాళ్ల లైనులో మామ్మ ముందు, అక్క వెనక. నేను కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి చూస్తున్నాను. మామ్మ లోపలికి పోలీసులా అడుగుపెట్టింది. నలుమూలలా చూసింది. బల్ల మీద డబ్బా కనపడగానే ఆవిడ మొహం విచ్చుకుంది. "ఓస్! ఇది మన ఓటు డబ్బాయే కదేటి!" అంది పైకే. సొంతూళ్లో ఉండగా ఎన్నిసార్లు వేసిందో! వేలికి సిరా పెట్టించుకుని, ముద్ర గుద్ది, కాగితం మడిచి డబ్బాలో వేసింది.

ఇంతలో అక్క వంతు వచ్చింది. బెంచీ మీద కూర్చున్న ఓ పార్టీ మనిషి, ఈ పిల్లకు పద్దెనిమిదెక్కడివి, స్కూలు పిల్ల, పంపెయ్యండి అని హిందీలో అడ్డం తగిలాడు. కాగితం ఇవ్వబోయిన ఉద్యోగి చెయ్యి ఆగింది. అంత నోరున్న అక్క మామ్మ వైపు చూసింది.

బయటికి పోతున్న మామ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. "మేరా హాత్ మే పైదా హువా!" అంది. ఆవిడ హిందీలో ఆడా మగా తేడా లేదు. అది చాలక తెలుగులోకి దిగింది. "నా సేతుల్లో పుట్టిందిరా బాబూ, ఈ నేల మీదే పుట్టింది. దీని ఊరూ ఇదే, దీని ఓటూ ఇక్కడే. అది ఎయ్యందే నాను కదల్ను" అని గది మధ్యలో చతికిలబడింది. ఆ పార్టీ మనిషికి తెలుగు ముక్క రాదు గానీ సంగతి బాగానే బోధపడింది. పెద్ద ఆఫీసరు జాబితా చూసి, పేరూ వయసూ సరిగానే ఉన్నాయని నవ్వుతూ కాగితం అక్క చేతికిచ్చాడు.

అక్క ఓటు వేసి వచ్చేదాకా మామ్మ లేవలేదు. బయటికొచ్చాక అక్క ఆవిడ మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చేసింది. మామ్మ విసుక్కుంటూనే, ఏలు పైకెట్టవే, అందరూ సూడాల అంది. దారిలో మాకు క్యారమ్ కుర్రాళ్లు ఎదురొచ్చారు. తలలు దువ్వుకుని, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని బడి వైపే వెళ్తున్నారు. ఆ రోజు మా వీధిని చూసి నాకు కలిగిన గర్వం అంతా ఇంతా కాదు.

ఈ కాలం కుర్రాళ్లు ఓటుకు రారండీ అని ఎవరైనా నా ముందంటే నాకు చిర్రెత్తుకొస్తుంది. రమ్మని పిలిచారా మీరు? వాళ్ల అనుమానమేంటో కూర్చుని విన్నారా? రానన్న మనిషితో దెబ్బలాడి వెళ్లిపోవడం తేలిక, కళ్లుగప్పి వెళ్లడం ఇంకా తేలిక. చెయ్యి పట్టుకుని, రా, నువ్వే చూద్దువు గాని అనడానికి గుండె కావాలి. పంతొమ్మిదేళ్ల పిల్ల ఆ పని చేసి చూపించింది.

నాకు ఓటు వచ్చిన దగ్గర్నుంచి నేను ఒంటరిగా వెళ్లి వేసింది లేదు. మొండికేసిన వాళ్లలో ఒకరిని వెంటబెట్టుకునే వెళ్తాను. మొన్నటిసారి మా తమ్ముడి కొడుకు, ఒక్క ఓటుతో ఏమవుతుంది అత్తా అని ఫోనులోంచి తలెత్తకుండా అన్నాడు. సరే, నువ్వు వెయ్యకు, నాకు మోకాళ్ల నొప్పులు, తోడు రా చాలు అన్నాను. అబద్ధమే, నా మోకాళ్లు రాయిలా ఉన్నాయి. లైనులో నా పక్కన నిలబడి కాసేపు అటూ ఇటూ చూశాడు. తర్వాత ఫోను జేబులో పెట్టి, నెమ్మదిగా అడిగాడు.

"అత్తా, నా పేరు ఏ గదిలో ఉంది?"