కుక్క లేవని తూటా

అమెరికాలోని వయోమింగ్ కొండల్లో ఉండే ఎల్డన్‌కు ఒక్కటే పిచ్చి. రివాల్వర్ తూటా కంటబడితే చాలు, దాన్ని కార్బైన్ అనే పొట్టి రైఫిల్‌లో పెట్టి కాల్చి చూడాల్సిందే. పెళ్లి విందుకు పిలిచినా సరే, అందరూ కేకు తింటుంటే ఆయన పెళ్లికూతురి తండ్రిని పక్కకు తీసుకెళ్లి, సొరుగుల్లో పాత తూటాలేమైనా పడున్నాయా అని అడిగేవాడు.

కంచెకు ఇవతల గొర్రెలు పెంచుకునే వెర్లాకు శనివారం వస్తే ప్రాణసంకటం. అవతల ఎల్డన్ నీళ్లు నింపిన పాలడబ్బాలు పేర్చి, వేగం కొలిచే యంత్రం నిలబెట్టి, ఒకే రకం తూటాను ముందు రివాల్వర్‌తో, తర్వాత కార్బైన్‌తో కాల్చేవాడు. రివాల్వర్ కంటే పొడుగైన కార్బైన్ గొట్టంలోంచి వచ్చేసరికి అదే తూటాకు ఎక్కడలేని ఊపు వచ్చేది. డబ్బా పగిలి, నీటి తుంపర ఎండలో చిన్న ఇంద్రధనుస్సై ఆగేది. అది చూస్తూ వెర్లా తిట్టడం మరిచిపోయేది. ఈలోగా ఆమె కుక్క టాఫీ మంచం కింద దూరేది.

ఆ వసంతంలో కొయోట్లనే చిన్నపాటి తోడేళ్లు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోసాగాయి. వెర్లా చనిపోయిన భర్త రైఫిల్ తీసి ఒక్కసారి పేల్చింది. భుజం వాచింది, టాఫీ పరుగో పరుగు, కాపలా లేక మంద చెల్లాచెదురు. ఇక మందను అమ్మేయడమే దిక్కని ఆమె ఎల్డన్ దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆయన అంతా విని, తన తూటాల దగ్గరికి వెళ్లిపోయాడు. పైగా ఆ శనివారం నుంచి ఇంకో పిచ్చి తగులుకుంది. పేల్చిన ప్రతిసారీ కంచె దగ్గరికొచ్చి, "కుక్క లేచిందా?" అని అడిగేవాడు.

"లేవక? మంచం కిందుంది. నీ తూటాలు తగలెయ్య."

ఆయన బుద్ధిగా తలూపి, ఆ రకం పెట్టెను పక్కన పడేసేవాడు. వారం వారం ఇంకా నెమ్మది తూటాల్లోకి దిగుతున్నాడని, చివరికి చేత్తో విసురుతాడని ఊరంతా నవ్వింది.

ఒక సాయంత్రం గడ్డి బంగారంలా ఊగుతోంది. వెర్లా వసారాలో కునుకు తీస్తోంది, కాళ్ల మీద టాఫీ. ఎక్కడో అలమార తలుపు మూసినట్టు చిన్న చప్పుడు. కళ్లు తెరిస్తే, కంచె అవతల ఒక డబ్బా నెమ్మదిగా కారిపోతోంది.

"లేచిందా?"

"చెవి కదిపిందయ్యా, అంతే."

ఎల్డన్ కార్బైన్ కంచె మీదుగా అందించాడు. "బరువు తూటా, కొంచెం తుపాకి మందు. ఇంత పొడుగు గొట్టంలో మందంతా లోపలే కాలిపోతుంది, మోతకేమీ మిగలదు. భుజానికీ నొప్పుండదు. మంద దాకా వచ్చే కొయోట్‌కు ఇది చాలు."

"ఇన్నాళ్లూ దీనికోసమేనా?"

"అబ్బే, నాకు పిచ్చి కదా."

మంద అమ్ముడుపోకుండా నిలిచింది. తర్వాతి శనివారం అవతల చప్పుడు లేదు. వెర్లాకు ఏమీ తోచలేదు. భర్త సొరుగంతా వెతికి, పాత రివాల్వర్ తూటాల పెట్టె ఒకటి కంచె దగ్గరికి పట్టుకెళ్లింది.

"ఇవి చూడలేదుగా నువ్వు?"

ఎల్డన్ కళ్లు మెరిశాయి. అంతలోనే వెనకాడాడు. "కుక్క లేస్తుందేమో."

"లేవనీ. మంచం కింద పరుపు వేశాను."